కారును మోసే ట్రైలర్: స్పెయిన్ దాకా లాగాక నా అభిప్రాయం

మోటర్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండే పెద్ద బండి) వెనక చిన్న కారు తగిలించుకుని బ్రిటన్ నుంచి ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం కొన్నది వెనక్కి వాలే బెడ్ ఉన్న ట్రైలర్. కారు నాలుగు చక్రాలూ దాని మీదకి ఎక్కుతాయి. ట్రైలర్, కారు బరువంతా కలిపి 1,500 కిలోల దాకా అనుమతి, సొంత బ్రేకులు, కారును పైకి లాగడానికి ముందు చేత్తో తిప్పే వించ్. బండి మా ఆయన నడుపుతారు. కారు ఎక్కించడం, స్ట్రాపులు బిగించడం, కాగితాలు చూసుకోవడం నా పని. అందుకే ఈ ట్రైలర్ మంచీ చెడూ ఆయన కంటే నాకే ఎక్కువ తెలుసు.

ముందుగా, ఎ-ఫ్రేమ్ ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. అది కారు ముందు భాగానికి బిగించే త్రికోణపు ఇనప చట్రం. కారు తన చక్రాల మీదే దొర్లుతూ వెనక వస్తుంది. తేలిక, మడిచి పక్కన పెట్టేయొచ్చు, క్యాంప్‌సైట్‌లో చోటు అక్కర్లేదు. బ్రిటన్‌లో అలా లాగే కారును ట్రైలర్‌గానే లెక్కిస్తారు. 750 కిలోలు దాటితే దానికి పనిచేసే బ్రేకులు ఉండాలి, వెనక ఎర్ర త్రికోణపు రిఫ్లెక్టర్లు ఉండాలి, లాగే బండి నంబర్ ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే అక్కడ గొడవ లేదు.

స్పెయిన్‌లో కథ వేరు. అక్కడ మోటారు బండిని ఇంకో మోటారు బండితో లాగకూడదు. పాడైపోతే తీసుకెళ్లడానికి వేరే ప్రత్యేక వాహనాలు ఉన్నాయి. జర్మనీలో కూడా పాడైన బండిని కాకుండా మామూలు కారును అలా లాగాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఎ-ఫ్రేమ్ అమ్మే ఒక షాపులో మాకు చెప్పిందేమిటంటే, రోడ్డు రవాణా మీద దేశాల మధ్య 1968 వియన్నా ఒప్పందం ఉంది కదా, బ్రిటన్‌లో చెల్లే బండి అక్కడా చెల్లాల్సిందే, భయపడకండి అని. నాకు ఆ మాట నచ్చలేదు. బండి ఎలా తయారైందన్న విషయంలో సొంత దేశం రూల్స్ వెంట వస్తాయి, సరే. కానీ రోడ్డు మీద ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది ఆ రోడ్డు ఏ దేశానిదో ఆ దేశమే చెబుతుంది. హైవే పక్కన నిలబడి, భాష రాని చోట, పోలీసుకు అంతర్జాతీయ ఒప్పందం వివరించే టెన్షన్ నాకు అక్కర్లేదు. ట్రైలర్ మీద కట్టిన కారు అంటే ఎవరికైనా సామానే. దాని గురించి ఎవరూ వాదించరు.

ఇక ట్రైలర్ సంగతి. బెడ్ బాగా కిందికి వాలుతుంది. మా కారు, టొయోటా ఆయ్గో, దాని బంపర్ ఒక్కసారి కూడా తగల్లేదు. వించ్ మెల్లగా తిరుగుతుంది, కానీ గట్టిది, నాలాంటి మనిషి ఒక్కతే తిప్పగలదు. స్ట్రాపులు కారు అడుగు భాగానికి కాకుండా టైర్ల మీంచి వస్తాయి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది, ఎందుకంటే కారు తన స్ప్రింగుల మీద ఊగినా స్ట్రాపు వదులవదు. అయినా బయలుదేరిన కాసేపటికి ఆగి మళ్లీ బిగించాలి. ట్రైలర్ చక్రాల నట్లు కూడా అంతే, చక్రం కొత్తగా బిగించినప్పుడు కొంత దూరం పోయాక, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. కారు కాస్త ముందుకు జరిగితే మోటర్‌హోమ్ హుక్ మీద బరువు మారిపోతుంది, వెనక్కి జరిగితే ట్రైలర్ తోక ఆడిస్తుంది. సరైన చోటు దొరికాక బెడ్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టాను.

రివర్స్ విషయంలో ట్రైలర్‌కే నా ఓటు. ఎ-ఫ్రేమ్‌తో వెనక్కి పోదామంటే కారు ముందు చక్రాలు అడ్డం తిరుగుతాయి, ఊడదీయాల్సిందే. ట్రైలర్ అలవాటైతే చక్కగా వెనక్కి వస్తుంది.

ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఫెర్రీ వాళ్లు పొడవును బట్టి తీసుకుంటారు. ఫ్రాన్స్ టోల్ గేట్ల దగ్గర ఎత్తు మూడు మీటర్లు, ఆపైన ఉండి మొత్తం మూడు ఇరుసులైతే నాలుగో క్లాసు, అంటే పెద్ద లారీలతో సమానం. మాది అదే లెక్కలోకి వచ్చింది. మోటర్‌వే మీద గంటకు 90 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి ప్రయాణం ఎక్కువసేపు సాగుతుంది. ఊళ్లలో మోటర్‌హోమ్‌ల కోసం ఉండే పార్కింగ్ గళ్లు చాలాచోట్ల చిన్నవి, ట్రైలర్‌తో పట్టవు. మేం క్యాంప్‌సైట్‌కు ముందే రాసి, ట్రైలర్ పెట్టుకోవడానికి వేరే చోటు ఉందో లేదో అడుగుతాం. స్పెయిన్‌లో మొత్తం పొడవు 12 మీటర్లు దాటితే వెనక పొడవైన వాహనం అని తెలిపే పసుపు బోర్డు తప్పనిసరి.

కాగితాల దగ్గర కొంచెం ఓపిక పట్టండి. లైసెన్స్ విషయంలో 2021 డిసెంబర్ 16 నుంచి బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగొచ్చు. కానీ లాగే మోటర్‌హోమే 3,500 కిలోలు దాటితే అది వేరే లైసెన్స్ సంగతి. బండి బరువుల ప్లేట్ మీద (నంబర్ ప్లేట్ కాదు) ఉండే రెండో అంకె, అంటే బండీ ట్రైలరూ కలిపి ఎంత బరువుండొచ్చో చెప్పేది, కొనేముందే చూసుకోండి. మాది 5,500 కిలోలు, అందుకే ధైర్యంగా కొన్నాం. సొంత వాడకానికైతే ఈ సైజు ట్రైలర్‌ను రిజిస్టర్ చేయాలన్న నిర్బంధం లేదు, 3,500 కిలోలు దాటితేనే తప్పనిసరి. మేం మాత్రం 26 పౌండ్లు కట్టి చేయించాం. ట్రైలర్‌కు సొంత నంబర్ ఉండడం మామూలైన దేశాల్లో అదొక నిశ్చింత. వెనక రెండు ప్లేట్లు ఉంటాయి, ట్రైలర్‌ది, మోటర్‌హోమ్‌ది. స్పెయిన్‌లో నంబర్ ప్లేట్ మీద ఏమున్నా, బండి బ్రిటన్‌దని చెప్పే యూకే స్టిక్కర్ విడిగా ఉండాలి. మోటర్‌హోమ్ మీద అంటించింది ట్రైలర్ చాటున పడిపోతుంది కాబట్టి ట్రైలర్ వెనక ఒకటి, దిగి తిరిగే కారుకు ఒకటి. కారు సామాను లాగా వెళ్లినా అక్కడ నడపాలి కదా, దాని ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ పత్రం అన్నీ విడిగా ఉండాలి. మోటర్‌హోమ్ ఇన్సూరెన్స్ సాధారణంగా ట్రైలర్ వల్ల ఇతరులకు జరిగే నష్టం వరకే చూస్తుంది. ట్రైలర్‌కే దెబ్బ తగిలితే, దొంగలు ఎత్తుకుపోతే వేరే పాలసీ కావాలి. దారిలో బండి ఆగిపోతే సాయం చేసే బ్రేక్‌డౌన్ కవర్‌లో పొడవు పరిమితి ఎంతో కూడా చదవండి.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఒకటుంది. ఇంత డబ్బు పెట్టి కొన్న ట్రైలర్‌కు స్టెప్నీ ఇవ్వలేదు. అడిగితే విడిగా కొనుక్కోమన్నారు, బిగించే బ్రాకెట్ ఇంకో ధర. దీని చక్రం మోటర్‌హోమ్‌కూ సరిపోదు, కారుకూ సరిపోదు. పరాయి దేశంలో ఆదివారం పూట టైరు పోతే ఆ సైజు దొరికే దాకా ఎక్కడికక్కడ ఆగిపోవాలి. బేరం ఆడేటప్పుడే స్టెప్నీ, బ్రాకెట్ కలిపి ధర చెప్పమనండి. తాళం కూడా అందులోనే అడగండి.