హామిల్టన్‌లో టిమ్ హార్టన్స్ మొదటి దుకాణం: కింద కాఫీ, పైన ఒక డిఫెన్స్‌మన్

కెనడాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు విమానం దిగిన రెండో రోజుకల్లా టిమ్ హార్టన్స్‌లో ఏదో ఒకటి తాగి ఉంటారు. మేమూ అంతే. అబ్బాయి ఇంటికి రావడం ఇది మూడోసారి. రెండుసార్లు వచ్చి వెళ్ళినా, ఆ ఎర్ర కప్పు మీద ఉన్నది ఒక మనిషి పేరని నాకు తెలియదు. ఈసారి మా ఎనిమిదేళ్ళ మనవడు చెప్పాడు. "తాతా, ఆయన కూడా నాలాగే డిఫెన్స్" అన్నాడు. వాడు ఐస్ హాకీ నేర్చుకుంటున్నాడు. చిన్నపిల్లల జట్లకు ఈ కంపెనీయే చొక్కాలు ఇచ్చే పథకం ఒకటి ఉంది. వాడి ఆట అందులోనే మొదలైంది.

నేను రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను, విజయవాడ డివిజన్. వయసులో ఉండగా డివిజన్ కబడ్డీ జట్టులో రైట్ కార్నర్ ఆడేవాణ్ణి. కూతకు వెళ్ళేవాణ్ణి కాదు, వచ్చినవాణ్ణి పట్టేవాణ్ణి. అందుకే మనవడు ఆ మాట అనగానే నాకు ఆ మనిషి సంగతి తెలుసుకోవాలనిపించింది. ఒక శనివారం వాడి ప్రాక్టీసు అయ్యాక అందరం కలిసి హామిల్టన్‌లోని అసలు దుకాణానికి వెళ్ళాం.

ఒట్టావా స్ట్రీట్ నార్త్, డన్స్‌మ్యూర్ రోడ్డు కలిసే మూల మీద ఉంటుంది. టొరంటో నుంచి సుమారు 70 కిలోమీటర్లు. 1964 మేలో ఇక్కడ, అంతకుముందు పెట్రోలు బంకు ఉన్న చోట, టిమ్ హార్టన్ పేరుతో డోనట్ల కొట్టు తెరిచారు. హామిల్టన్ ఉక్కు కార్మికుల ఊరు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు వేడి కాఫీ, తీపి డోనట్, అంతే అప్పట్లో అమ్మినవి. డజను డోనట్లు 69 సెంట్లు. పాత కట్టడం ఇప్పుడు లేదు. అదే స్థలంలో రెండంతస్తుల కొత్త భవనం కట్టారు. కింద దుకాణం, పైన చిన్న ప్రదర్శనశాల. ఈ వీధి బట్టల కొట్లకు పేరుపొందింది కూడా. మా ఆవిడా, కోడలూ మమ్మల్ని ఇక్కడ దింపి ఆ పని మీద వెళ్ళారు. ఇంట్లో అందరికీ పనికొచ్చే వీధి ఇది.

తిండి సంగతి ముందు చెప్పేస్తాను. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడిన నాలుకకు ఇది వేరే పానీయం. డికాక్షన్ గాఢత కోసం ఇందులో వెతకకూడదు. రెండు వంతుల మీగడ, రెండు వంతుల చక్కెర వేసి ఇచ్చేదాన్ని 'డబుల్ డబుల్' అంటారు. ఈ మాట కెనడా నిఘంటువులోకి కూడా ఎక్కింది. నాకు నచ్చింది వాళ్ళ స్టీప్డ్ టీ. రెండు పాలు, రెండు చక్కెరలు అని చెబితే మన టీకి దగ్గరగా వస్తుంది, ఆకు రుచి తెలుస్తుంది. బయట మంచు పడుతున్నప్పుడు ఆ కప్పును రెండు చేతులతో పట్టుకోవడమే సగం సుఖం. ఆపిల్ ఫ్రిట్టర్ తప్పకుండా తినండి. మొదటి రోజుల నుంచీ ఉన్న వంటకం అది. గారెలా గుండ్రంగా, నడుమ చిల్లుతో ఉండదు. గతుకులు గతుకులుగా వేగిన పిండి ముద్ద, లోపల ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క వాసన, పైన పలచటి చక్కెర పాకం గట్టిపడి ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్ళు సగం పక్కవాళ్ళకు ఇవ్వండి, నేను అదే చేశాను. పిల్లలకు టిమ్‌బిట్స్ సరే సరి. నిమ్మకాయంత ఉండలు, పదేసి పెట్టెలో ఇస్తారు. అవి 1976లో వచ్చాయి. అప్పటికి టిమ్ హార్టన్ చనిపోయి రెండేళ్ళయింది. తన పేరుతో పిల్లలు ఎక్కువగా అడిగేది ఏదో ఆయన చూడనే లేదు.

కౌంటర్ దగ్గర మా మాటలు విని అక్కడి అమ్మాయి "ఏమి ఇమ్మంటారు అంకుల్?" అని తెలుగులో అడిగింది. ఖమ్మం వైపు పిల్ల. చదువుకుంటూ వారానికి 24 గంటలు, అంటే విదేశీ విద్యార్థులకు అనుమతి ఉన్నంత మేర, ఇక్కడ పనిచేస్తోంది. టీ ఎలా కావాలో రెండోసారి చెప్పనక్కర లేకుండా చేసి ఇచ్చింది. "పైకి వెళ్ళండి అంకుల్, చాలామంది వెళ్ళరు" అంది. ఆ ఒక్క మాటకు ఆ పిల్లకు ఎంతో రుణపడి ఉన్నాను.

పైన పాత ఫోటోలు, పాత వస్తువులు ఉన్నాయి. ఒక్కో ఫోటో దగ్గర మనవడు ఆగి నాకు చెప్పాడు, కొన్ని నేను చదివి వాడికి చెప్పాను. ఆ మనిషి అసలు పేరు మైల్స్ గిల్బర్ట్ హార్టన్. టిమ్ అన్నది వాళ్ళమ్మ పిలుచుకున్న పేరు. 1930 జనవరి 12న ఉత్తర అంటారియోలోని కాక్రేన్ అనే రైల్వే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రైల్వేలో మెకానిక్. ఈ సంగతి తెలిశాక ఆయన నాకు పరాయివాడిలా అనిపించలేదు.

డిఫెన్స్‌మన్ అంటే ఏమిటో హాకీ తెలియనివాళ్ళకు చెప్పాలి. మంచు మీద ఒక్కో జట్టుకు గోలీతో (గోల్ కాపలాదారుతో) కలిపి ఆరుగురు. వాళ్ళలో ఇద్దరు డిఫెన్స్. ఎదుటివాడు పూర్తి వేగంతో దూసుకొస్తుంటే వీళ్ళు అంతే వేగంతో వెనక్కి జారుతూ, ముఖం అతని వైపే ఉంచి, అతణ్ణి గోడ వైపుకు నెట్టాలి. మా మనవడికి శిక్షకుడు అన్నిటికంటే ఎక్కువగా చేయిస్తున్నది వెనక్కి జారడమే. మోకాళ్ళు వంచి, నడుము కింద పెట్టి, ఒక కాలితో మంచు మీద సున్నాలో సగం గీస్తున్నట్టు నెడతాడు. మరో కాలితో మిగతా సగం. కర్ర ముందుకు చాపి ఉంటుంది. "పక్ చూడకు, వాడి ఛాతీ చూడు" అని చెబుతారట. పక్ అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ. నాకు మా కబడ్డీ మాస్టారు గుర్తొచ్చారు. కూతకు వచ్చినవాడి చెయ్యి మోసం చేస్తుంది, కాలు మోసం చేస్తుంది, నడుము ఒక్కటే నిజం చెబుతుంది అనేవారు ఆయన. సముద్రాలకు ఇవతల, మంచు మీద, నా మనవడికి అదే పాఠం చెబుతున్నారు.

టిమ్ హార్టన్ పట్టు కూడా అలాంటిదే. అయిదడుగుల పది అంగుళాల మనిషి, ఆ కాలంలో హాకీలో అందరికంటే బలవంతుడని పేరు. గొడవ మొదలైతే పిడికిళ్ళు విసరడం కంటే ఎదుటివాణ్ణి రెండు చేతులా చుట్టేసి, ఊపిరి ఆడకుండా అదిమి, చల్లబడేదాకా వదిలేవాడు కాదు. కబడ్డీలో నడుము పట్టు వేసినవాళ్ళకు ఇది తెలుసు. దెబ్బ కొట్టడానికి కోపం చాలు. పట్టు వేయడానికి కోపాన్ని దాచుకోవాలి. ఇంకొక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ఆయనకు చూపు బాగా తక్కువ, మైదానం బయట కళ్ళజోడు లేనిదే నడవడు. మా ఉద్యోగంలో కంటి పరీక్ష తప్పితే ఇంజన్ ఎక్కనివ్వరు. ఆయన అలాంటి కళ్ళతో రబ్బరు పక్కు తుపాకి గుండులా వచ్చే ఆటలో 24 సీజన్లు ఆడాడు.

టొరంటో మేపుల్ లీఫ్స్‌లో పూర్తిస్థాయి ఆటగాడు అయ్యేసరికి 1952 వచ్చింది. అప్పట్లో నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఆరు జట్లలో డిఫెన్స్ చోట్లు ఎన్ని ఉంటాయి? దక్కినవాడు దాన్ని వదులుకోకూడదు. 1955 మార్చి 12న న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు బిల్ గాడ్స్‌బీ ఢీకొట్టిన దెబ్బకు ఆయన కాలూ దవడా రెండూ విరిగాయి. తర్వాతి సీజన్ చాలా భాగం బయటే గడిపాడు. ఆ కాలు అతికాక ఆడిన ఆట చూడండి: 1961 ఫిబ్రవరి నుంచి 1968 ఫిబ్రవరి వరకు, ఏడేళ్ళు, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా తప్పకుండా వరసగా 486. డిఫెన్స్‌మన్లలో ఆ రికార్డు 2007 వరకు నిలిచింది. దాన్ని దాటినవాడు లాత్వియా ఆటగాడు కార్లిస్ స్క్రాస్టిన్ష్. ఆయన తర్వాత రష్యాలో లోకోమోటివ్ అనే జట్టుకు వెళ్ళి, 2011లో ఆ జట్టు ప్రయాణిస్తున్న విమానం కూలి చనిపోయాడు. ఒక రికార్డు పట్టుకున్న ఇద్దరినీ ప్రయాణమే తీసుకుపోయింది.

ఆ లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పులు నాలుగు: 1962, 1963, 1964, 1967. 1962లో ఆ కప్పు కోసం ఆడే ప్లేఆఫ్‌లలో 12 ఆటల్లో 16 పాయింట్లు (కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి), ఒక డిఫెన్స్‌మన్‌కు అది చాలా పెద్ద లెక్క. 1967లో గెలిచినప్పుడు ఆయనకు 37 ఏళ్ళు. ఆ తర్వాత టొరంటో మళ్ళీ కప్పు గెలవలేదు. మొత్తం 1,446 లీగ్ ఆటల్లో 115 గోల్స్. అంటే పన్నెండు పదమూడు ఆటలకు ఒకటి. ఈ అంకె చదివి పక్కనున్న ఒక పెద్దమనిషి తన భార్యతో తక్కువే అన్నట్టు మాట్లాడాడు. నాకు చెప్పాలనిపించింది: అయ్యా, ఆయన ఆపిన గోల్స్ లెక్క ఏ పుస్తకంలోనూ రాయరు. నా సర్వీసులో నేను క్షేమంగా దింపిన ప్రయాణికుల లెక్కా ఎక్కడా లేదు.

డోనట్ల కొట్టు ఎందుకు పెట్టాడన్నది కూడా అక్కడే అర్థమవుతుంది. అప్పటి ఆటగాళ్ళకు ఆట అయిపోయాక తిండి పెట్టేంత డబ్బు లేదు. వేసవి నెలల్లో వేరే పనులు చేసుకునేవారు. ఆయన కార్ల అమ్మకం, హాంబర్గర్ కొట్టు ప్రయత్నించాక డోనట్ల దగ్గరికి వచ్చాడు. ఈ హామిల్టన్ కొట్టును 1965లో తీసుకున్నది రాన్ జాయిస్, అంతకుముందు ఇదే ఊళ్ళో పోలీసు. 1967కల్లా ఇద్దరూ భాగస్వాములు. టిమ్ ఆడుతూనే ఉన్నాడు, జాయిస్ కొట్లు పెంచుతూ పోయాడు. ఇప్పుడు దుకాణాలు వేలల్లో ఉన్నాయి. 2022 నుంచి ఢిల్లీలో కూడా ఉన్నాయి.

1970లో టొరంటో ఆయనను న్యూయార్క్‌కు ఇచ్చేసింది. తర్వాత పిట్స్‌బర్గ్, ఆ తర్వాత బఫలో. 44 ఏళ్ళ వయసులో ఇంకా ఆడుతున్నాడు. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. 1974 ఫిబ్రవరి 20 రాత్రి టొరంటోలో తన పాత జట్టు మీద ఆడాడు. దవడకు దెబ్బ, చివరి భాగం ఆడలేదు, అయినా ఆ రాత్రి ఉత్తమ ఆటగాళ్ళ ముగ్గురిలో ఆయన పేరు చదివారు. తర్వాత ఓక్‌విల్‌లోని కంపెనీ ఆఫీసులో జాయిస్‌ను కలిసి, తెల్లవారుజామున స్పోర్ట్స్ కారులో ఒంటరిగా బఫలోకు బయలుదేరాడు. ఆ హైవే హామిల్టన్ పక్క నుంచే పోతుంది. సెయింట్ కాథరిన్స్ దగ్గర నాలుగున్నర వేళ కారు పల్టీలు కొట్టింది. సీటు బెల్టు పెట్టుకోలేదు. మద్యం తాగి ఉన్నాడని చాలా ఏళ్ళ తర్వాత రికార్డులు బయటపడ్డాయి.

రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఇంజన్ నడిపినవాడికి ఆ నాలుగున్నర అంటే ఏమిటో తెలుసు. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు ఉండదు. అందుకే మాకు డ్యూటీ ఎక్కే ముందు ఊపిరి పరీక్ష, పక్కన ఇంకొక మనిషి, ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం గట్టిగా పిలిచి చెప్పుకునే పద్ధతి. ఆయన పక్కన ఆ రాత్రి ఎవరూ లేరు. నాకు ఆయన మీద కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. ఏడేళ్ళు ఒక్క ఆట మానని మనిషి, పొద్దున్నే బఫలో చేరాలని కదా బయలుదేరాడు.

బఫలో ఆయన రెండో నంబరు చొక్కాను 1996లో, టొరంటో ఏడో నంబరును 2016లో ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేశాయి. హాకీ మేటి ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1977లోనే చేరాడు.

వెళ్ళేవాళ్ళకు నా మాట: శనివారం ఉదయం వెళ్ళండి. ఆ వీధిలోనే రైతుల సంత ఉంటుంది. టీ చేతిలోకి రాగానే కుర్చీ వెతుక్కోకండి, ముందు మెట్లెక్కండి. పిల్లలుంటే అరగంట, ఆట తెలిసినవాళ్ళుంటే గంట పడుతుంది. ఒక కాఫీ దుకాణానికి అయిదు నక్షత్రాలు ఇవ్వడం నాకు ఇదే మొదటిసారి. అందులో మూడు పై అంతస్తుకే.

కిందికి వచ్చి కూర్చున్నాక మనవడు టిమ్‌బిట్స్ పెట్టె తెరిచి అడిగాడు: "తాతా, ఆయన ఎటువైపు ఆడేవాడు?"

"కుడివైపు."

"నేనూ కుడే. నువ్వు?"

"రైట్ కార్నర్ నాన్నా."

వాడు పెట్టెలో ఉండలు లెక్కపెట్టి, మూడు పక్కకు తీసి కాగితం మీద వరసగా పెట్టాడు.