ఎనిమిది మందికి ఒక డ్రాగన్: ఎక్స్‌పీ బడ్జెట్ లెక్క నాలుగేళ్లు వాడాక

ఇది డైస్ వేసి కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకి, 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్న ఎన్‌కౌంటర్ లెక్క గురించి, అంటే ప్లేయర్ల మీదకి దింపే ఫైట్ ఎంత కష్టమో ఎక్స్‌పీతో (ఒక్కో మాన్‌స్టర్‌కి పుస్తకం ఇచ్చే పాయింట్లతో) కొలవడం. పట్టిక చూసి ఈజీ, మీడియం, హార్డ్, డెడ్లీ అని కొలుచుకునే డీఎంలకే (ఆట నడిపేవాళ్లకే) రాస్తున్నా, మొదట్నుంచి చెప్పే ఓపిక లేదు. నలుగురు ప్లేయర్లున్న అదృష్టవంతులు చదవక్కర్లేదు, మీకు అది బాగానే పనిచేస్తుంది. నా టేబుల్ మీద ఎనిమిది మంది. పర్లాకిమిడిలో మా మేడ మీద గది, ప్రతి ఆదివారం, ముగ్గురు పాతపట్నం నుంచి బళ్ల మీద వస్తారు, ఒకడు గుణుపురం నుంచి రైల్లో, మిగతావాళ్లు ఊళ్లోవాళ్లే, మాట సగం తెలుగు సగం ఒడియా. ఇద్దర్ని తగ్గించుకో అని సలహా ఇచ్చేవాళ్లకి ఒకటే మాట, రావొద్దంటే వాళ్లు ఆడటానికి ఇంకెక్కడికెళ్తారు?

అన్నట్టు ఈ బోర్డర్ ఏరియాలో ఎన్‌కౌంటర్ అనే మాట కాస్త చూసి వాడాలి. ఒకసారి బస్సులో ఫోన్లో "ఈ వారం ఎన్‌కౌంటర్‌లో ఎనిమిది మందీ పోతార్రా" అన్నాను, పక్క సీటాయన లేచి వెనక్కెళ్లి కూర్చున్నాడు.

సరే, నా కోపమంతా ఒక్కదాని మీదే, ఒంటరి బాస్. రెండో ఏడాది జరిగింది. అందరూ లెవెల్ 4. పాడుబడ్డ కోట, లోపల యంగ్ గ్రీన్ డ్రాగన్, దానికోసం నాలుగు రాత్రులు కూర్చుని మ్యాప్ గీశాను. లెవెల్ 4కి హార్డ్ అంటే మనిషికి 375 ఎక్స్‌పీ, డెడ్లీ అంటే 500, అంటే ఎనిమిది మందికి 3000, 4000. డ్రాగన్ 3900. డెడ్లీకి వంద తక్కువ, ఇంతకన్నా అందంగా కుదరదు అనుకున్నా. బొమ్మ లేదు, షోకేస్‌లోంచి కొమ్ముతో చేసిన కొంగని తెచ్చి పెట్టాను, మా ఊరి కొమ్ము పని అంటే మామూలు పేరు కాదు కదా, మెడ తిప్పి రెక్కలు విప్పి భలే ఉంది.

డ్రాగన్ ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ముందో తేల్చే డైస్) 6 పడింది. దానికంటే ముందు ఆరుగురు. రేజ్‌లో ఉన్న బార్బేరియన్ వెళ్లి మెడ పట్టుకున్నాడు, గ్రాపుల్, స్పీడ్ సున్నా. ఫైటర్ వెళ్లి తోసి కింద పడేశాడు. స్పీడ్ సున్నా అయ్యాక అది లేవలేదు, ఎగరలేదు, దగ్గరున్న ప్రతివాడికీ అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు డైస్ వేసి పెద్దది తీసుకోవడం. ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) 18 ఉండి ఏం లాభం, పాలడిన్ స్మైట్, రోగ్ స్నీక్ అటాక్, అన్నీ గట్టి దెబ్బలే, ఫైటర్‌కి ఇంకోసారి కొట్టే ఆక్షన్ సర్జ్ మిగిలే ఉంది. బాణాల వాడొక్కడే సణిగాడు, కింద పడ్డదాని మీద దూరం నుంచి కొడితే డిసడ్వాంటేజ్ కదా. చివరికి డ్రాగన్ టర్న్ వచ్చింది, విషం ఊదింది, సగటున 42 డ్యామేజ్, లెవెల్ 4 వాళ్లకి చిన్నదేం కాదు, ఇద్దరు పడ్డారు. క్లెరిక్ హీలింగ్ వర్డ్ అనేసి ఒకణ్ణి లేపేశాడు. రెండో రౌండ్‌లో దాని టర్న్ రానేలేదు, 136 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) అయిపోయింది. అమ్మ బరాలూ ఘుగునీ పట్టుకుని మెట్లెక్కేసరికి వీళ్లు కొంగని పక్కకి పడుకోబెట్టి నిధి లెక్కపెట్టుకుంటున్నారు.

"ఏటి మావా, అయిపోనాదా? నాలుగు రాత్రులు పడుకోనేదన్నావు, దీనికేనేటి?" అని పాతపట్నం వాడు. ఒడియా కుర్రాడు బరా నములుతూ "సరిగలా?" (అయిపోయిందా?) అన్నాడు, నిజంగానే అడిగాడు పాపం, ఇంకో రూపం ఏదో వస్తుందనుకున్నాడట.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీస్తే, తప్పు నాదే. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే మాన్‌స్టర్ల సంఖ్యని బట్టి ఎక్స్‌పీని హెచ్చవేసే గుణకం ఒక మెట్టు తగ్గించాలి, ఒంటరి మాన్‌స్టర్‌కయితే సగం చెయ్యాలి అని ఉంది. అది నేను చదవలేదు, చదివినా మనకెందుకులే అనుకుని ఉంటా. 3900లో సగం 1950. మీడియం 2000 దగ్గర మొదలవుతుంది. అంటే డెడ్లీకి వంద తక్కువ అనుకున్నది అసలు ఈజీ.

ఇక్కడిదాకా అయితే పుస్తకం మీద కోపం ఉండకూడదు. కానీ ఆ సగం లెక్కనే పట్టుకుని ఎనిమిది మందికి ఒంటరి హార్డ్ బాస్ కావాలంటే కనీసం 6000 ఎక్స్‌పీది వెతకాలి. వెతికితే బెహిర్ అనే మాన్‌స్టర్ దొరికింది, 7200, సగం 3600, సరిగ్గా హార్డ్. దాని మెరుపు ఊపిరి సగటున 66. మా విజర్డ్‌కి 26 హెచ్‌పీ. సేవ్ (తప్పించుకోడానికి వేసే డైస్) తప్పితే పడిపోవడం కాదు, మిగిలిన డ్యామేజ్ 40 వాడి మొత్తం హెచ్‌పీ కంటే ఎక్కువ కాబట్టి అక్కడికక్కడే చావు, బతకడానికి చివరి అవకాశం, డెత్ సేవ్ కూడా ఉండదు. సేవ్ అయినా 33, ఎలాగూ పడతాడు. అంటే చిన్నది పెడితే కొంగ, పెద్దది పెడితే శవాలు, మధ్యలో ఏమీ లేదు. వాళ్లకి రౌండ్‌కి ఎనిమిది టర్న్‌లు, దానికి ఒకటి. ఈ సంగతి ఎక్స్‌పీని ఎన్ని రకాలుగా గుణించినా సర్దుకోదు.

తర్వాత వారం ఉక్రోషంతో పది హాబ్‌గోబ్లిన్లని దింపాను. 1000 ఎక్స్‌పీ, మెట్టు తగ్గించిన గుణకం 2, మొత్తం 2000, పేపర్ మీద మీడియం. మూడు గంటలు పట్టింది. అందరికీ ఏసీ 18, ఎవడు కొట్టినా తగలదు, తగిలినా 11 హెచ్‌పీలో రెండో మూడో మిగిలిపోతుంది, అది నేను రాసుకోవాలి, ఏది ఏదో మర్చిపోవాలి, గుణుపురం వాడు రైలు టైమైపోతోందని సగంలో తన డైస్ పక్కవాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మరి నాలుగేళ్లు ఎందుకు వాడానంటే చింతపిక్కల వల్ల. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో మినియన్లని ఉండేవి, ఒక్క హెచ్‌పీ, తగిలితే పోవడమే. అది తెచ్చి దీంట్లో కలిపాను. బాస్ ఒకటి, చుట్టూ మినియన్లుగా పన్నెండు చింతపిక్కలు, అన్నిటికీ ఒకే ఇనిషియేటివ్, డ్యామేజ్‌కి డైస్ వెయ్యను, తగిలితే 4 అంతే. లెక్కలో వాటిని పావు ఎక్స్‌పీకి వేసుకుంటా, ఇది నా సొంత అంచనా, పుస్తకంలో వెతక్కండి. నేను ఊహించనిది ఏంటంటే, పిక్కని టేబుల్ మీంచి వేలితో ఎగరగొట్టే హక్కు కొట్టినవాడిదే అని రూల్ పెట్టాక, టర్న్‌ల మధ్య ఫోన్ చూసుకునే ఇద్దరు కూడా లేచి నిలబడి ఆడటం మొదలుపెట్టారు. మూడు గంటల ఫైట్ గంటంబావుకి వచ్చింది. ఇప్పటికీ మంచం కింద ఊడిస్తే రెండు మూడు గోబ్లిన్లు దొరుకుతాయి.

అప్పట్లో దీన్ని మా వాట్సాప్ గ్రూపులో తెగ పొగిడాను, అందులో కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. లెవెల్ 5 వచ్చి విజర్డ్‌కి ఫైర్‌బాల్ దొరికాక పన్నెండు పిక్కలు ఒక్క టర్న్‌లో ఊడ్చుకుపోయాయి, మిగతా ఏడుగురూ వాణ్ణి తిట్టారు. అందుకని ఇప్పుడు సగం ముందు, మిగతా సగం మూడో రౌండ్‌లో వేరే గుమ్మంలోంచి. బాస్ హెచ్‌పీ పెంచడం కూడా చేసి చూశాను, గ్రీన్ డ్రాగన్ హెచ్‌పీ డైస్ అన్నీ మాక్సిమమ్ వేసుకుంటే 208 వస్తుంది, కానీ బస్తాని ఇంకాసేపు కొట్టినట్టే ఉంది తప్ప భయం రాలేదు. బాస్‌కి రౌండ్‌లో రెండు టర్న్‌లు ఇవ్వడం, ఒకటి దాని ఇనిషియేటివ్ దగ్గర, ఇంకోటి దానికి పది తక్కువ దగ్గర, అది మాత్రం పనిచేసింది. అడల్ట్ డ్రాగన్లకి లెజెండరీ ఆక్షన్లు (వేరేవాళ్ల టర్న్ అయ్యాక కొట్టే అవకాశాలు) ఎందుకిచ్చారో అప్పుడు బుర్రకెక్కింది.

2024 గైడ్ కూడా చూశాను. లో, మోడరేట్, హై అని మూడే, గుణకాలు తీసేశారు, లెక్క రెండు నిమిషాల్లో అవుతుంది, హాయిగా ఉంది. లెవెల్ 4కి హై అంటే మనిషికి 500, ఎనిమిది మందికి 4000. నా 3900 డ్రాగన్ మళ్లీ అందంగా కూర్చుంది అందులో! పాత పుస్తకంలో కనీసం ఆ సగం చెయ్యమన్న లైనైనా ఉండేది.

కాబట్టి వాడొచ్చా అంటే, గుంపు మీద గుంపు అయితే వాడండి, సుమారుగా ఎక్కడున్నామో తెలుస్తుంది. ఒంటరి బాస్‌కి నేనైతే ఆ పట్టిక తెరవను. నా ప్లేయర్లు ఎనిమిది మందిలో ఐదుగురు ఎదురెళ్లి కొట్టేవాళ్లే, మీ దగ్గర దూరం నుంచి కొట్టేవాళ్లు ఎక్కువుంటే గ్రాపుల్ బాధ ఉండదేమో, డ్రాగన్ ఎగిరేసరికి మీకింకో కథ అవుతుంది. కొంగ మాత్రం మళ్లీ షోకేస్‌లోకి వెళ్లిపోయింది, ముక్కు చివర చిన్న పెచ్చు ఊడింది, అమ్మ ఇంకా చూడలేదు.