ప్రతి ఏడాదీ సూదా అని అడిగే పెద్దవాళ్ళని తీసుకెళ్ళదగ్గ టీకా క్లినిక్ (బెంగళూరు)

ముందు మార్కులు చెప్పేస్తాను, ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద రాశాను. రామమూర్తి నగర్, కె.ఆర్.పురం వైపున్న చిన్న క్లినిక్ ఇది. పిల్లల టీకాలతో పాటు పెద్దవాళ్ళ టీకాలకి విడిగా టైమ్ పెట్టారు. పేరు రాయడం లేదు. మీరు ఉండేది ఎలక్ట్రానిక్ సిటీలోనో యలహంకలోనో అయితే ఆ పేరుతో మీకు పనేమీ లేదు, అలాంటి చోటుకి వెళ్ళినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో తెలిస్తే చాలు.

మేం వెళ్ళింది మా అత్తయ్య కోసం. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, షుగర్ ఉంది, హిందూపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. పోయినేడు ఫ్లూ టీకా వేయించాం. ఈ ఏడు మళ్ళీ అనేసరికి "నాకొద్దమ్మా, ఎన్నిసార్లు పొడిపించుకోవాలి" అని గట్టిగా చెప్పేశారు. ఆవిడ తప్పేం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది, అందులో ఎవరో వానాకాలం వస్తోంది ఫ్లూ టీకా వేయించుకోండి అని పెడితే కింద వచ్చిన జవాబులన్నీ ఒకే తీరు: మళ్ళీ మొదలెట్టారా, కరోనా టైమ్‌లో వేయించుకున్నవి చాలవా, ఏటేటా వేస్తే ఒంట్లో ఉన్న శక్తి కూడా పోతుంది, ఇదంతా కంపెనీల వ్యాపారం. అత్తయ్య అవన్నీ చదివారు. ఆ రాసినవాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే, తమ పిల్లల టీకా కార్డు మాత్రం ఒక్క తేదీ తప్పకుండా నింపినవాళ్ళే.

అంతకుముందు ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం, అక్కడ జరిగింది చెప్తేనే ఈ క్లినిక్ ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది. కౌంటర్ దగ్గరే ఒక అమ్మాయి సీనియర్ సిటిజన్ ప్యాకేజీ అని కాగితం చేతిలో పెట్టింది. ఫ్లూ, న్యుమోనియా, షింగిల్స్ (ఒంటి మీద నొప్పితో వచ్చే పొక్కుల జబ్బు), టీటీ అన్నీ కలిపి ఒకే రేటు. ఇందులో ఏది దేనికి అని అడిగితే "అన్నీ మంచివే మేడమ్" అంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశారు. వ్యాపారం అని గ్రూపులో వాళ్ళు అన్నమాట ఆవిడకి అక్కడ కళ్ళ ముందు కనిపించింది.

ఈ క్లినిక్‌లో డాక్టరమ్మది కోలారు వైపు, తెలుగు బాగానే మాట్లాడతారు. ఆవిడ మొదట చేసిన పని పాత కాగితాలన్నీ ముందు పెట్టుకుని ఏవి అక్కర్లేదో చెప్పడం. అత్తయ్యకి రెండేళ్ళ కిందట కాలికి దెబ్బ తగిలినప్పుడు టీడీ (టీటీ లాంటిదే, ధనుర్వాతానికి) వేసినట్టు చీటీ ఉంది, అది చూసి ఇప్పుడు దాని జోలికి వెళ్ళొద్దన్నారు. మా ఆయన హెపటైటిస్ బి బూస్టర్ వేయించుకోవాలా అని అడిగితే, మూడు డోసులూ పూర్తిచేసి, కిడ్నీ జబ్బులాంటివేమీ లేని మామూలు మనిషికి మళ్ళీ అవసరం లేదని పంపించేశారు. డబ్బు వచ్చే చోట వద్దని చెప్పిన మనిషి, ఆ తరువాత "ఇది మాత్రం వేయించుకోండి" అంటే అత్తయ్య కుర్చీలోంచి లేవకుండా విన్నారు. బూస్టర్ల మీద మనవాళ్ళకున్న అనుమానం పోవాలంటే ఎన్ని ప్రచారాలు చేసినా ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనిపించడం లేదు.

పోయినేడు వేశారు కదా, మళ్ళీ ఎందుకు అని అత్తయ్య సూటిగానే అడిగారు. డాక్టరమ్మ విసుక్కోలేదు. ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుందని, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో చెప్తుందని వివరించారు. 2020 మార్చి తరువాత ఫ్లూలో బి యమగాటా అనే రకం ఎక్కడా కనిపించలేదట, అందుకే ఇన్నాళ్ళూ నాలుగు రకాలతో వచ్చిన టీకాని మళ్ళీ మూడు రకాలకి తగ్గిస్తున్నారు. ఇది నాకు కొత్త సంగతి. అవసరం లేనిది తీసేస్తున్నారంటే అక్కడ ఎవరో పట్టించుకుంటున్నట్టే కదా. పైగా పోయినేడు వేసిన దాని బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. వేయించుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలు ముదరకముందే వెళ్ళడం మంచిది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. టీకా వేయించుకున్నా ఫ్లూ రావచ్చు. ఆ ఏడాది తిరిగే రకాలతో టీకా బాగా కుదిరినప్పుడు జబ్బు పడే అవకాశం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది, అంతే. షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్లూతో న్యుమోనియా దాకా వెళ్ళే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ తగ్గుదల కూడా విలువైనదే. "వేయించుకున్నా జలుబు చేసింది, కాబట్టి పనిచేయదు" అనే మాట మనం ఎన్నిసార్లు వినుంటాం! వేసేముందే ఈ సంగతి చెప్పి పంపితే ఆ మాట సగం తగ్గుతుంది.

ఇక్కడ నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి చెప్పాలి. మనవాళ్ళు బూస్టర్లకి వ్యతిరేకులు కానే కారు. మేకు గుచ్చుకుంటే, బండి మీంచి పడితే, బ్లేడు కోసుకుంటే మొట్టమొదట అనేది "టీటీ వేయించుకున్నావా" అనే. ఆరు నెలలు దాటింది కదా అని ప్రతి చిన్న గీతకీ వేయించుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నిజానికి చిన్నప్పటి డోసులన్నీ పూర్తయిన వాళ్ళకి పదేళ్ళకోసారి సరిపోతుంది, మట్టి పట్టిన లోతైన గాయమైతే ఐదేళ్ళు దాటిందా అని చూస్తారు. అంటే అక్కడ అవసరానికి మించి వేయించుకుంటున్నాం, ఫ్లూ దగ్గరికి వచ్చేసరికి వద్దంటున్నాం. గాయం కళ్ళకి కనిపిస్తుంది, రాబోయే జ్వరం కనిపించదు.

కుక్కకాటు సంగతీ అంతే. బెంగళూరులో వీధికుక్కల గురించి చెప్పక్కర్లేదు. మా అమ్మ తరంవాళ్ళకి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా పోలేదు, అయినా కుక్క కరిస్తే ఒక్కరు కూడా వద్దనరు. ఇప్పుడవి భుజానికే వేస్తారు. పూర్తి కోర్సు ఒకసారి అయిపోయిన మనిషిని మళ్ళీ కుక్క కరిస్తే మొదటి రోజు ఒకటి, మూడు రోజుల తరువాత ఒకటి, రెండు డోసులతో సరి, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అక్కర్లేదు. పాత టీకాని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది, బూస్టర్ ఆ జ్ఞాపకాన్ని లేపుతుంది. ఏటేటా వేస్తే శక్తి పోతుంది అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఇక పోలియో చుక్కలు. 1995లో పల్స్ పోలియో మొదలైంది, పిల్లవాడికి ఐదేళ్ళు నిండేదాకా ఆదివారం వస్తే చాలు మళ్ళీ చుక్కలు, వేలికి మళ్ళీ సిరా గుర్తు. కొన్ని చోట్ల అనుమానాలు రాకపోలేదు, కానీ ఇంటికే వచ్చారు, ఉచితంగా వేశారు, వేసింది తెలిసిన ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో. దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తానికీ పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ వేయించుకున్నది మనమే.

కోవిడ్ మూడో డోసు దగ్గరే కథ అడ్డం తిరిగింది. 2022 ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిది దాటినవాళ్ళకి ప్రైవేటులో డబ్బు కట్టి వేయించుకోమన్నారు, డోసు 225 రూపాయలు, పైన సర్వీస్ చార్జీ 150 దాకా. జనం పెద్దగా కదల్లేదు. జులై 15 నుంచి 75 రోజులు ఉచితం చేశాకే ఊపు వచ్చింది. అయినా చివరికి రెండో డోసులు సుమారు 95 కోట్లు పడితే, ప్రికాషన్ డోసులు (మూడో డోసుకి పెట్టిన పేరు) 22 కోట్ల పైచిలుకు దగ్గర ఆగాయి. భయం ఒక్కటే కారణమని నేను అనుకోను. జబ్బు తగ్గుముఖం పట్టింది, ఆఫీసులు సర్టిఫికెట్ అడగడం మానేశాయి, జేబులోంచి పెట్టాల్సి వచ్చింది.

భయం తరువాత వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో చెప్పిన మాట వార్తల్లోకి వచ్చింది కదా, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని. మన కోవిషీల్డ్ అదే టీకా. 2025 వేసవి తరువాత హాసన్ జిల్లాలో గుండెపోటు మరణాల వార్తలు వరసగా వచ్చినప్పుడు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు టీకాలకి తొందరపడి అనుమతివ్వడం కూడా ఒక కారణం కావచ్చన్నారు, మర్నాడే కేంద్ర ఆరోగ్య శాఖ ఐసీఎంఆర్, ఎయిమ్స్ అధ్యయనాలు చూపించి సంబంధం లేదని ప్రకటించింది. మొదటి మాట అందరి ఫోన్లకీ చేరింది, రెండోది చేరలేదు. అత్తయ్య అడిగిన రెండో ప్రశ్న ఇదే. డాక్టరమ్మ కొట్టిపారేయకుండా, గడ్డకట్టే సమస్య ఉన్నమాట నిజమే, చాలా చాలా అరుదు, అది కూడా వేయించుకున్న కొన్ని వారాల్లోపు వచ్చేది, ఏళ్ళ తరువాత కాదు అని చెప్పారు. ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ హఠాన్మరణాల మీద చేసిన పరిశీలనలో టీకా వల్ల ప్రమాదం పెరిగినట్టు తేలలేదని, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళు, ఇంట్లో అలాంటి మరణాలు ఉన్నవాళ్ళు, అతిగా తాగినవాళ్ళు, ఇలాంటివాళ్ళలో ముప్పు ఎక్కువ కనిపించిందని కూడా చెప్పారు. అప్పుడు అత్తయ్య చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపారు.

వేసే పద్ధతికి పూర్తి మార్కులు. ఫ్రిజ్ మీద ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది (రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి), పక్కనే రోజూ రాసే పుస్తకం ఉంది. సిస్టర్ పెట్టె మన ముందే తెరిచి పేరు, గడువు తేదీ, ఎమ్మార్పీ చూపిస్తారు, జ్వరం ఉందా, ఎలర్జీలున్నాయా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతారు. వేశాక అరగంట కూర్చోబెట్టారు. కార్డు మీద బ్యాచ్ స్టిక్కర్ అంటించి ఇచ్చారు. మర్నాడు చెయ్యి నొప్పి, కొంచెం నలత, అంతకుమించి ఏమీ లేదు.

ఇక మార్కు ఎందుకు తగ్గిందంటే, మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్ళ కోసం నడిపే చోట ఇది పెద్ద లోపం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్ల దగ్గరే వెనక్కి తిరుగుతారు. సమ్మతి పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంది, నేను చదివి వినిపించాకే అత్తయ్య సంతకం పెట్టారు, ఒంటరిగా వచ్చినవాళ్ళ సంగతేంటి? కన్నడ, తెలుగు, తమిళాల్లో ఒక్కో పేజీ అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? తరువాతి డోసు గుర్తుచేసే మెసేజ్ కూడా ప్రకటనలా ఉంటుంది, పెద్దవాళ్ళు చూడకుండానే తీసేస్తారు. సిస్టర్ ఫోన్ చేస్తే బాగుంటుందని చెప్పొచ్చాను.

ధర సంగతి వాళ్ళ చేతుల్లో లేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఫ్లూ టీకా ఒక్కటీ రెండు వేలకి అటూఇటూ అయింది. ఇంట్లో నలుగురుంటే ప్రతి ఏడాదీ ఎనిమిది వేలు. షింగిల్స్ టీకా రెండు డోసులు, ఒక్కోటి పది వేలకి అటూఇటూ, దాన్ని ప్రస్తుతానికి వాయిదా వేశాం. ప్రభుత్వ టీకా కార్యక్రమం ముఖ్యంగా పిల్లలకీ గర్భిణులకీ పరిమితం. మా ఇంట్లో పనిచేసే అక్కకి ఆస్తమా ఉంది, ఆమెకి ఈ టీకా అత్తయ్య కంటే తక్కువ అవసరమేమీ కాదు, కానీ ఆమె జీతంలో అది కుదిరే పని కాదు. ఆమెది మేమే వేయించాం. షుగర్, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళకైనా ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్‌లలో ఏడాదికోసారి ఉచితంగా వేస్తే, వ్యాపారం అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలని ఉంది.

వెళ్ళేవాళ్ళు పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి, ముఖ్యంగా టీటీవి, కుక్కకాటువి. పొద్దున పదకొండు లోపు వెళ్తే రద్దీ ఉండదు. ఆ రోడ్డు మీద కారు పెట్టే చోటు దొరకదు, ఆటోలో వెళ్ళండి. కార్డు పని చేయలేదు, యూపీఐ, నగదు తీసుకుంటారు.