అమ్మ ఫోనులో 102: లీనియేజ్ ఓఎస్‌తో నాలుగేళ్లు

లీనియేజ్ ఓఎస్ అంటే కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు ఫోనులో ఎక్కించుకునే ఉచిత ఆండ్రాయిడ్. దానితో స్పీడు పెరిగిందా, బ్యాటరీ ఎంతసేపు వస్తోంది లాంటివి ఎవరైనా చెప్తారు. నేను రాసేది ఎఫ్ఎం రేడియో ఒక్కదాని గురించే. ఈ పాత ఫోను ఇంకా మా ఇంట్లో బతికుందంటే అది దాని చలవే.

2017లో పదివేల లోపు కొన్న ఫోను, స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొన్నప్పుడు రేడియో ఉండేది. రెండో ఏడు రాత్రికి రాత్రి ఒక అప్‌డేట్ ఎక్కింది, పొద్దున్న లేచి చూస్తే ఆ యాప్ మాయం. కస్టమర్ కేర్‌కి చేస్తే "మీ మోడల్‌లో ఆ ఫీచర్ లేదు సార్" అన్నారు. నిన్న రాత్రి విన్నానండీ అంటే అటువైపు కాసేపు మౌనం, ఆపైన మళ్లీ అదే ముక్క. చిప్పు ఎక్కడికీ పోలేదు. ఈ తరహా ఫోన్లలో వైఫై, బ్లూటూత్, ఎఫ్ఎం మూడూ ఒకే చిప్పులో ఉంటాయి. పీకేసింది సాఫ్ట్‌వేర్‌ని మాత్రమే. 2023లో కేంద్ర ఐటీ శాఖ, ఫోన్లలో ఎఫ్ఎం ఉంటే దాన్ని ఆపేయొద్దని తయారీదారులకు సలహా పంపింది. మంచిదే, మా ఫోనుకి మాత్రం చాలా ఆలస్యం.

రేడియో కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, మాది విశాఖపట్నంలోని గోపాలపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, ఇంట్లో మూడు ఫోన్లూ టార్చిలైట్లయిపోయాయి. నాన్న అటక మీంచి పాత ట్రాన్సిస్టర్ దించి, సెల్స్ కోసం గంటసేపు తిరిగి, ఒక్క జత పట్టుకొచ్చారు. అప్పట్నుంచి అమ్మకి రేడియో లేని ఇల్లంటే గుబులు. ఆ ట్రాన్సిస్టర్ కాస్తా 2020లో మూలపడింది.

2021లో ఈ ఫోనుకి ఎవరో కుర్రాడు సొంతంగా తయారుచేసిన లీనియేజ్ 18.1, అంటే ఆండ్రాయిడ్ 11, అనధికారిక బిల్డ్ (ఎక్కించుకోడానికి సిద్ధంగా ఉన్న కూర్పు) దొరికింది. బూట్‌లోడర్, అంటే వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కంపెనీ వేసిన తాళం, అన్‌లాక్‌కి కంపెనీ పెట్టిన ఏడు రోజుల నిరీక్షణ అయ్యాక ఎక్కించాను. అదెలా చేయాలో అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. తెరిస్తే రేడియో గుర్తు కనిపించింది. ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్ కాబట్టి అది గుచ్చి అమ్మకిచ్చాను. 91.1, 93.5 గణగణా మోగుతున్నాయి. నాకు పరీక్ష పాసైనంత సంబరం.

అమ్మ పావుగంట విని, "ఏట్రా, అన్నీ గోలపాటలే. నా 102 ఏదీ?" అంది.

102 అంటే ఆకాశవాణి రెయిన్‌బో. ఆవిడకి రేడియో అంటే అదే. వెతికితే రాలేదు. వైరు బాలేదేమో అని డాబాగార్డెన్స్‌లో మూడు రకాల ఇయర్‌ఫోన్లు కొన్నాను. మేడ ఎక్కాను. కొండ అడ్డమొస్తోందేమో అనుకున్నాను. ఆఖరికి ఒక ఆదివారం బైకేసుకుని సిరిపురం పోయి ఆకాశవాణికి ఎదురుగా ఆపి, చెవిలో వైరు పెట్టుకుని నొక్కడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. అక్కడా 102 లేదు. కానీ 101.9 దగ్గర ఎవరో ముక్కు పట్టుకుని మాట్లాడుతున్నట్టు బొంగురు గొంతు వినిపించింది. బాణం గుర్తు ఒకసారి నొక్కాను. 102.1. అదే బొంగురు గొంతు. వెనక్కి నొక్కాను. 101.9.

మధ్యలో 102 అనేదే లేదు!

విషయం చాలా చిన్నది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లు 200 కిలోహెర్ట్జ్‌ల అంగలో ఉంటాయి, 101.9 తర్వాత నేరుగా 102.1. వాళ్ల స్టేషన్లన్నిటికీ చివర బేసి అంకే. ఈ బిల్డ్‌లోని రేడియో యాప్‌కి పుట్టుకతోనే అమెరికా లెక్క ఉంది. 91.1, 93.5 బేసి అంకెలవి కాబట్టి దొరికాయి. సరి అంకె మీదున్న 102ని మాత్రం గెంతేసి పోయింది. నెల రోజులు నేను వైర్లు మారుస్తూ కూర్చున్నాను.

సెట్టింగ్స్‌లో ప్రాంతం మారిస్తే 102 వచ్చింది, స్పష్టంగా. ఫోను ఆపి తెరిస్తే మళ్లీ అమెరికాయే. అమ్మ రోజూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోదు కదా. అందుకని ఆ మార్పు బిల్డ్‌లోనే చేద్దామనుకున్నాను. దాని సోర్సు కోడ్ దించడానికే రెండు రాత్రులు పట్టింది, మార్చింది ఒక్క లైను. ఆ మార్పు బిల్డ్ చేసే కుర్రాడికి పంపితే, అమెరికాలో వాడేవాళ్లకి ఇబ్బంది కాదా అనడిగాడు. 100 కిలోహెర్ట్జ్‌ల అంగ వేస్తే 200 అంగలో దొరికేవన్నీ ఎలాగూ దొరుకుతాయన్నాను. మర్నాడు కలిపేశాడు. పదివేల ఫోనులో నేను రాసిన లైను ఒకటి నడుస్తోందని కొన్నాళ్లు కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అప్పట్లో నేను ఇక ఈ ఫోనుకి తిరుగులేదని స్నేహితులతో అన్నమాట నిజం. ఇప్పుడు అంత గట్టిగా అనను. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపానుకి రెండు రోజుల ముందు, కొత్త బిల్డ్ వచ్చిందని వెనకాముందు చూడకుండా ఎక్కించేశాను. తుపాను వానకి రాత్రి కరెంటు పోయింది. అమ్మ రేడియో నొక్కింది, యాప్ తెరుచుకుని టప్పున మూసుకుపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. లాప్‌టాప్ బ్యాటరీ మీద లాగ్ తీసి చూస్తే రేడియో పరికరాన్ని తాకడానికి యాప్‌కి ఉండాల్సిన సెలినక్స్ (ఆండ్రాయిడ్‌లోని భద్రతా కాపలా) అనుమతి కొత్త బిల్డ్‌లో తప్పిపోయింది. పాత బిల్డ్ ఫైలు ఉంచుకోలేదు, బుద్ధి తక్కువ. ఏ రోజు కోసమైతే ఇదంతా చేశానో ఆ రోజే అది మూగబోయింది. అమ్మ ఏమీ అనలేదు. పక్కింటికెళ్లి వాళ్ల ఫోనులో వార్తలు చూసొచ్చింది.

సరిదిద్దిన బిల్డ్ మూడు వారాలకి వచ్చింది. కుర్రాడిని తప్పు పట్టను, జీతం తీసుకుని చేసే పని కాదది. మధ్యలో అతనికి పరీక్షలట. ఇప్పుడు కిందటి బిల్డ్ ఎప్పుడూ కార్డులో ఉంచుతున్నాను.

మిగతావి క్లుప్తంగా. కెమెరా పాతదానికంటే ఒక మెట్టు దిగింది, రాత్రి ఫొటోలు మురికిగా వస్తాయి. బ్యాంకు యాప్ ఈ ఫోనుని నమ్మదు, కాబట్టి యూపీఐ లేదు. ఈ బిల్డ్‌తో ఆండ్రాయిడ్ 12కి వెళ్లే దారీ లేదు, దానికి కావలసిన ఈబీపీఎఫ్ అనే సౌకర్యం ఇందులోని పాత కెర్నెల్‌లో (ఆండ్రాయిడ్‌కి పునాది లాంటి ప్రోగ్రాములో) లేదు. అమ్మ డబ్బులు నోట్లలోనే ఇస్తుంది, ఫొటోలు తీయదు. అందుకే మాకు చెల్లింది. మీకున్నది ఈ ఒక్క ఫోనే అయితే, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోనుకి ఆదేశాలిచ్చే పనిముట్టు) అంటే ఏంటో తెలిసినవాళ్లు ఇంట్లో లేకపోతే, నేనైతే సరే చెయ్యండి అనలేను. బీరువాలో పడున్న ఫోనైతే మాత్రం ప్రయత్నించి చూడొచ్చు.

ప్రస్తుతం గొడవంతా ఇయర్‌ఫోన్ జాక్‌తోనే. వదులైపోయింది, వైరు కాస్త కదిలితే రేడియో గరగరమంటుంది. డాబాగార్డెన్స్ కుర్రాడు మారుస్తానంటున్నాడు, అతను చెప్పే ధరకి చిన్న రేడియోనే వస్తుంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. వైరుని ఒక పక్కకి వంచి రబ్బరు బ్యాండు వేసి, వంటింటి కిటికీ ఊచకి తగిలించుకుంది.