లయోనెల్ 681: నడిపేవాళ్ల కోసం

లయోనెల్ అనే అమెరికన్ కంపెనీ చేసిన పాత బొమ్మ రైలింజన్ కొనాలనుకుంటున్నారా? అలమారాలో అందంగా పెట్టుకోవడానికైతే అట్టపెట్టెతో సహా మెరిసేది వెతుక్కోండి, డబ్బు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. నడుపుకోవడానికైతే మాత్రం, రంగు గీసుకుపోయినా సరే, లయోనెల్ 681 కొనండి. న్యూజెర్సీ ఎడిసన్‌లోని మా బేస్‌మెంట్‌లో ఏళ్ల తరబడి తిప్పుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల టర్బైన్ ఇంజన్‌కి ఇది బొమ్మ. ఇరవై చక్రాలు. 1950లో వచ్చింది. దీని బలమంతా మ్యాగ్నెట్రాక్షన్‌లోనే ఉంది: లోపలి అయస్కాంతాల వల్ల చక్రాలు ఇనుప పట్టాలను పట్టుకుని, బరువైన పెట్టెలని జారకుండా లాగుతాయి. నికెల్ సిల్వర్ పట్టాల మీద ఈ పట్టు ఉండదు. 1952లో కొరియా యుద్ధం మూలాన అయస్కాంతాల లోహానికి కరువొచ్చి, ఇదే ఇంజన్‌ని అవి లేకుండా 671ఆర్ఆర్‌గా అమ్మారు. చూడ్డానికి రెండూ కవలలే. కొనేముందు పెద్ద చక్రానికి ఒక గుండుసూది ఆనించండి, అతుక్కోకపోతే బేరం ఆపేయండి.

పట్టాలు తుడవడానికి గిన్నెలు తోమే స్టీల్ పీచు అస్సలు వాడొద్దు. ఆ నలుసులు చక్రాలకి అంటుకుని మోటారులోకి పోతాయి. గుడ్డకి కాస్త ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దితే చాలు.

కరెంటు ఆపి మళ్లీ ఇచ్చిన ప్రతిసారీ లోపలున్న ఈ-యూనిట్, అంటే దిశ మార్చే స్విచ్చు, టక్కున ఒక మెట్టు మారుతుంది: ముందుకి, న్యూట్రల్, వెనక్కి, మళ్లీ న్యూట్రల్. నడిచినంతసేపూ తుమ్మెదలా రొద చేస్తుంది. మా ఆవిడకి ఆ మోత పడదు, నాకు అది లేకపోతే రైలు నడుస్తున్నట్టే ఉండదు. మొరాయించిందంటే చాలావరకు మురికే కారణం, శుభ్రం చేస్తే దారికొస్తుంది.

పట్టాలకి కరెంటిచ్చే లయోనెల్ వాళ్ల 275 వాట్ల జెడ్‌డబ్ల్యూ ట్రాన్స్‌ఫార్మర్‌తో నాలుగు రైళ్లు వేరువేరుగా నడపొచ్చు. కానీ దాని బ్రేకర్ తీరిగ్గా పడే రకం. పెట్టె పట్టాలు తప్పి షార్ట్ అయితే ఈలోగా వైర్లు వేడెక్కుతాయి. బయట ఒక ఫాస్ట్ ఫ్యూజు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ప్లగ్గు వైరు రబ్బరు పగిలి ఉంటే ముందు అది మార్పించండి.

పిల్లలుంటే లయోనెల్ 3472 పాల వ్యాగన్ కూడా కొనండి. తలుపులు తెరుచుకుని తెల్లబట్టల మనిషి క్యాన్లని ప్లాట్‌ఫాం మీదికి తోస్తాడు. కింద పడ్డవి ఏరడం మాత్రం మన డ్యూటీ.

ఇండియాకి పట్టుకెళ్లేవాళ్లు ఇంజన్ వరకే తీసుకెళ్లండి. జెడ్‌డబ్ల్యూ 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టినా అక్కడి 50 హెర్ట్జ్ మీద ఇంకా వేడెక్కుతుంది. ఏసీ 18 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ని అక్కడే చుట్టించుకోవడం మేలు.