రెండేళ్లుగా మా ఇంట్లో నెబ్యులైజర్: పాపకి ఆయాసం వచ్చిన రాత్రుల్లో ఎంతవరకు పనికొచ్చింది

మా పాపకి ఎనిమిదో నెల నడుస్తుండగా, మందుని సన్నటి పొగలా మార్చి మాస్క్ ద్వారా పీల్చుకునేలా చేసే ఈ మెషిన్ కొన్నాం. ఇప్పుడు పాపకి రెండేళ్ల ఎనిమిది నెలలు. మాది గుంటూరు, ఇల్లు మిర్చి యార్డుకి దగ్గర. సీజన్ మొదలైతే గాలిలోనే ఘాటు ఉంటుంది. దానికి జలుబు తోడైతే అర్ధరాత్రికల్లా పాప ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒకే నెలలో రెండుసార్లు రాత్రిపూట ఆసుపత్రికి పరుగెత్తాక, ఇంట్లో ఒకటి పెట్టుకోమని డాక్టరుగారే చెప్పారు. మెడికల్ షాపులో 1,800 రూపాయలకి కంప్రెసర్ రకం, అంటే మోటారుతో గాలి కొట్టి మందుని పొగ చేసేది, తెచ్చాం.

ముందు మంచి చెబుతాను. మెషిన్ గట్టిది. రెండు చలికాలాలు రోజుకి రెండు మూడుసార్లు వాడినా మోటార్ ఏ ఇబ్బందీ పెట్టలేదు. కప్పులో మందు పోసి స్విచ్ వేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. కప్పు అంచుల్లో మిగిలిన చుక్కల్ని వేలితో తట్టి కిందికి దించితే ఇంకో నిమిషం పొగ వస్తుంది.

ఇబ్బంది పెట్టింది మాస్క్. పెట్టెలో పెద్దవాళ్లదొకటి, పిల్లలదొకటి ఇచ్చారు. ఆ పిల్లల మాస్క్ కూడా ఎనిమిది నెలల మొహానికి పెద్దదే. ముక్కు పక్క సందుల్లోంచి పొగ కళ్లలోకి పోయేది, పాప గుక్కపట్టి ఏడ్చేది. ఏడుస్తుంటే మందు ఊపిరితిత్తుల్లోకి దిగేది తక్కువ. అలాగని మాస్క్‌ని మొహానికి కాస్త దూరంగా పట్టుకున్నా మందంతా గాలిపాలే. పసిపిల్లల సైజు మెత్తటి మాస్క్ విడిగా కొన్నాకే మా తిప్పలు తగ్గాయి. కొనేటప్పుడే అది అడిగి తీసుకోండి.

రెండోది చప్పుడు. నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచేది. చప్పుడు తగ్గుతుందని ఒకరోజు మెషిన్‌ని బొంత మీద పెట్టాను. గాలి రంధ్రాలు మూసుకుపోయి, వేడెక్కి ఆగిపోయింది. నా తప్పే. అప్పటినుంచి చెక్క పీట మీద పెడుతున్నాం. పగలు మందు లేకుండా ఊరికే ఆన్ చేసి, ఆ మోత పాపకి అలవాటు చేశాం.

పోయిన ఫిబ్రవరిలో ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. ఒంటిగంటన్నరకి పాప మూలుగు విని లేచాను. ఒళ్లు వెచ్చగా ఉంది, ముక్కుపుటాలు ఎగరేస్తోంది. చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాను. నిమిషానికి 52. రెండు నెలల లోపు పిల్లలకి 60, ఏడాది లోపు వాళ్లకి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, ఆ పైన ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టే అని డాక్టరుగారు నేర్పించారు. ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది.

డాక్టరుగారి చీటీలో రాసిన ప్రకారం మందు పెట్టాం. సగంలో కరెంటు పోయింది. కప్పులో మందు అలాగే ఉంది, పాప నా భుజం మీద ఎగశ్వాస తీస్తోంది. మా ఆయన మెషిన్ పట్టుకుని కిందివాళ్ల తలుపు కొట్టారు, వాళ్లకి ఇన్వర్టర్ ఉంది. ఆ పిన్నిగారు ఏమీ అడక్కుండా ప్లగ్ చూపించి, నాకు కుర్చీ వేశారు. మిగతా మందు అక్కడే పూర్తి చేశాం. ఇరవై నిమిషాలాగి మళ్లీ లెక్కపెడితే 50. పక్కటెముకల కింద చర్మం ఇంకా లోపలికి గుంజుకుంటోంది, అదే డొక్కలు ఎగరేయడం. ఇంకో డోసు పెట్టి చూద్దామని మనసు పీకింది. చీటీలో మాత్రం తగ్గకపోతే ఆసుపత్రికి రమ్మనే ఉంది. వెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి 36కి దిగింది.

అందుకే చెబుతున్నా, ఇది ఆసుపత్రికి బదులు కాదు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగలేకపోతున్నా, పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉన్నా మెషిన్ ముందు కూర్చోకండి, బయల్దేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. పక్కింటివాళ్ల పిల్లకి రాసిన మందు మీ పిల్లకి పెట్టొద్దు. ఏడాది లోపు పిల్లల్లో వైరస్‌తో వచ్చే బ్రాంకియోలైటిస్‌కి (ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల వాపుకి) ఈ ఊపిరి గొట్టాలు విప్పే మందు పెద్దగా పనిచేయదని కూడా డాక్టరుగారు చెప్పారు.

మా అత్తయ్య తమలపాకుకి ఆముదం రాసి వెచ్చజేసి ఛాతీ మీద వేసేవారు. వేడి చూసుకుని వేసేవారు కాబట్టి నేను వద్దనలేదు. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి మాత్రం పూర్తిగా మాన్పించాం. ఆ పొగే ఆయాసాన్ని పెంచుతుందని డాక్టరుగారు చెప్పగానే ఆవిడే ధూపం గిన్నె అటక మీద పెట్టేశారు.

శుభ్రం చేయడం తేలికే. వాడిన ప్రతిసారీ కప్పు, మాస్క్ సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టాలి. గొట్టం కడగకూడదు. అందులో తేమ కనిపిస్తే మెషిన్‌ని ఉత్తగా రెండు నిమిషాలు నడిపితే ఆరిపోతుంది. ఫిల్టర్ బూడిదరంగుకి తిరిగితే మార్చేస్తాను. స్టెరాయిడ్ మందు పెట్టాక పాప మొహం తడిగుడ్డతో తుడిచి నీళ్లు తాగిస్తాను.

కరెంటు కోతలున్న ఊళ్లో ఉంటే, డబ్బు సర్దుకోగలిగితే బ్యాటరీతో నడిచే మెష్ రకం (సన్నటి జల్లెడలోంచి మందుని పొగ చేసేది) చూడండి. ఖరీదు ఎక్కువే కానీ చప్పుడు దాదాపు ఉండదు. మేం ఇన్వర్టర్ పెట్టించుకుని ఈ మెషిన్‌నే వాడుతున్నాం. డాక్టరుగారి చీటీ దాని పెట్టె మూత లోపల అంటించాను. పాప బరువు పెరిగినప్పుడల్లా కొత్తది రాయించుకుంటున్నాం. పోయిన నెలలో రాయించింది ఐదోది.