చియాంగ్ మాయ్‌లో తైల మర్దన: 2,400 బాత్‌లకు దక్కనిది 650కి దక్కింది

థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్ళి, సుగంధ తైలాలతో మర్దన చేయించుకోవాలని ముచ్చటపడే వారికి నేను ముందుగా చెప్పదలచుకున్నది ఒకటే: పెద్ద హోటల్ లోపల ఉన్న స్పా కదా, నిశ్చింతగా ఉంటుంది అనుకుని అక్కడికి పోకండి. ఆ నిశ్చింతకు మేము 6,002 బాత్‌ల 70 సతాంగ్‌లు చెల్లించాము (బాత్ థాయిలాండ్ డబ్బు, అందులో నూరో వంతు సతాంగ్). ఆ మరునాడే పాత ఊరి సందులో ఒక చిన్న దుకాణంలో అంతకంటే పదింతలు మేలైన మర్దన మనిషికి 650 బాత్‌లకు దొరికింది. ఈ రెంటి మధ్య తేడా ఏమిటో వివరంగా రాస్తే మరికొందరి డబ్బయినా మిగులుతుందని రాస్తున్నాను.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాంకాక్ నుంచి గంటంబావు విమానం. కందకం లోపలి పాత ఊళ్ళో, రోజుకు 1,100 బాత్‌ల అద్దెకు శుభ్రమైన గది. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన చతురస్రాకారపు నగరం కాబట్టి ఎటు నడిచినా దారి తప్పడం కష్టం. వెళ్ళినది ముగ్గురం: నేను, మా వారు, మా అక్క. అక్కకు మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు ఉన్నాయి. పరాయి మనిషి ఒంటి మీద చెయ్యి వేయడమంటేనే ఆమెకు గిట్టదు. మా వారికి మర్దన మీద అభ్యంతరం లేదు కానీ, బిల్లు మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది.

హోటల్ స్పాను ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. థా పే ద్వారం దాటి వీధిలోకి అడుగుపెట్టగానే వరుసగా మర్దన దుకాణాలే కనబడతాయి, గుమ్మాల్లో కూర్చున్న అమ్మాయిలు వచ్చేపోయే వారిని పిలుస్తూ ఉంటారు. వాటిలో మర్యాదస్తులవి ఏవో, కానివి ఏవో కొత్తవారికి ఒక పట్టాన తెలియదు. “ఆడవాళ్ళు వెళ్ళేది, కాస్త పెద్దచోటుకే వెళ్ళండి” అని మా వారు పట్టుబట్టారు. అలా నదీతీరంలోని ఒక హోటల్‌లో, తొంభై నిమిషాల అరోమాథెరపీకి 2,400 బాత్‌లు అని రాసి ఉన్న స్పాలో నాకూ అక్కకూ సమయం తీసుకున్నాము.

ఆ అంకె పక్కన రెండు చిన్న కూడిక గుర్తులున్నాయి. థాయిలాండ్‌లో ధర పక్కన ఆ రెండు గుర్తులూ కనబడితే, దాని మీద పది శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద ఏడు శాతం పన్ను పడతాయని అర్థం. అంటే 2,400 అన్నది చివరికి 2,824.80 అవుతుంది. ఇది మోసం కాదు, అక్కడ పెద్ద హోటళ్ళన్నీ పాటించే పద్ధతే. మోసం అనదగినది లోపల మొదలైంది.

వెళ్ళగానే చల్లని తువ్వాలు, తామరపువ్వు పెట్టిన పళ్ళెంలో ఏదో పానీయం ఇచ్చారు. తరువాత ఇత్తడి గిన్నెలో పాదాలు కడిగారు. ఆపైన బట్టలు మార్చుకునే గది, స్నానం, మళ్ళీ కాసేపు ఎదురుచూపు. నేను బల్ల మీద బోర్లా పడుకునేసరికి గోడ గడియారంలో అరగంట గడిచిపోయింది. ఆ అరగంట కూడా తొంభై నిమిషాల లెక్కలోనిదేనని చివర్లో గాని తెలియలేదు. మర్దన చేసిన అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్క రక్తపోటు మాత్రలు వేసుకుంటుందని గాని, ఆమె మోకాలు వాచి ఉందని గాని తెలుసుకునే ప్రయత్నమే జరగలేదు. అడిగిన ప్రశ్న ఒక్కటే, అది కూడా ముందు బల్ల దగ్గర: “మామూలు నూనె కావాలా, మల్లె తైలం కావాలా? మల్లెకు మూడు వందలు అదనం.”

మల్లె అనేసరికి నేను సరేనన్నాను. అయితే మల్లె గురించి తెలిసినవారికి ఈ బేరంలోనే అనుమానం రావాలి. నిమ్మగడ్డి, లావెండర్ వంటి వాటి నుంచి ఆవిరి పట్టి తైలం తీస్తారు. మల్లెపువ్వు ఆ వేడికి తట్టుకోదు కాబట్టి దాని సారాన్ని ద్రావకాలతో లాగవలసి ఉంటుంది, అందుకే అది అతి ఖరీదైన సుగంధాలలో ఒకటి. అటువంటిది ఒంటినిండా పూయడానికి ఎంత తైలం కలిపి ఉంటారో చూద్దామని సీసా అడిగాను. చాలాసేపటికి తెచ్చి చూపిన సీసా మీద అది తైలమని లేదు, పరిమళ ద్రవ్యమని మాత్రమే ఉంది. దేనిలో కలిపారని అడిగితే “మసాజ్ ఆయిల్” అన్నది జవాబు. ఒంటికి ఇంకకుండా పైపైన తేలుతూ, సబ్బుతో రెండుసార్లు కడిగినా జిగట వదలని ఆ నూనె పెట్రోలియం నుంచి వచ్చే ఖనిజ తైలమేనని నా నమ్మకం. రాత్రంతా ఆ ఘాటుకు నాకు తలనొప్పి పట్టుకుంది. మేనేజరుకు చెబితే ఆయన చేతులు జోడించి, ఎంతో వినయంగా చిరునవ్వు నవ్వి, మళ్ళీ వస్తే పది శాతం తగ్గింపు ఇస్తామని ఒక కూపన్ చేతిలో పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు మా వారు ఒక్క మాట అనలేదు. ఆ మౌనం కన్నా నాలుగు మాటలు అనడమే నయం.

మరునాడు అక్క ఇంకెక్కడికీ రానని కూర్చుంది. రాత్రి నుంచి ఆమె మోకాలు ఇంకాస్త సలుపుతోంది. ఆదివారం కాబట్టి రాచడమ్నోన్ వీధిలో సాయంత్రం సంత జరుగుతుందని, అంతవరకు చల్లగా ఏదైనా గుడిలో కూర్చుందామని బతిమాలి బయలుదేరదీశాను. ఒక గుడి వెనుక సందులో అద్దాల ముఖద్వారం ఉన్న దుకాణం కనబడింది. బయట నుంచి చూస్తే పాదాల మర్దనకు వేసిన నాలుగు కుర్చీలు, వాటిలో నిద్రపోతున్న ఇద్దరు వృద్ధ దంపతులు, గోడకు చట్రం కట్టి వేలాడదీసిన ప్రభుత్వ లైసెన్సు ఉన్నాయి. 2016 నాటి చట్టం ప్రకారం స్పాలకూ మర్దన దుకాణాలకూ లైసెన్సు ఉండాలి, మర్దన చేసేవారు శిక్షణ పొంది నమోదై ఉండాలి. కుటుంబంతో వెళ్ళేవారికి నేను చెప్పగల గుర్తులు ఇవే: లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనబడాలి, ధరల పట్టిక బయటే ఉండాలి, ఆ లైసెన్సు గోడ మీద ఉండాలి.

ఇక్కడ ధర తొంభై నిమిషాలకు 650 బాత్‌లు, అరవైకి 450. అదనపు గుర్తులేమీ లేవు. యజమానురాలు నడివయసు మనిషి. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఒక కాగితం ముందు పెట్టింది. దాని మీద మనిషి ఆకారం, ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి గీసి ఉంది. ఎక్కడ నొప్పి ఉందో అక్కడ వృత్తం చుట్టాలి, ఎక్కడ చెయ్యి వేయకూడదో అక్కడ అడ్డగీత కొట్టాలి. రక్తపోటు, శస్త్రచికిత్సలు, గర్భం, చర్మానికి పడని వస్తువులు, గింజల ఎలర్జీ, భోజనం చేసి ఎంతసేపైంది అనే ప్రశ్నలు ఉన్నాయి. అక్క ఆ కాగితాన్ని ఆసుపత్రిలో ఇచ్చే ఫారం కన్నా శ్రద్ధగా నింపింది. బొమ్మలో మోకాలి దగ్గర అడ్డగీత కొట్టి, దాన్ని మళ్ళీ మూడుసార్లు దిద్దింది.

తరువాత దూది చుట్టిన పుల్లలకు తైలాలు అద్ది ఒక్కొక్కటే వాసన చూపించారు: లావెండర్, నిమ్మగడ్డి, పుదీనా, ఇలాంగ్ ఇలాంగ్, మక్రూట్ నిమ్మ. ఇలాంగ్ ఇలాంగ్ మన మనోరంజితం పువ్వుకు దగ్గరి చుట్టం, రెండూ సీతాఫలం కుటుంబానివే. అక్క దాన్ని వాసన చూసి “ఇదేమిటే, అమ్మ జడలో పెట్టుకునే పువ్వు!” అని మొదటిసారిగా నవ్వింది. నేను మక్రూట్ నిమ్మ అడిగాను. యజమానురాలు ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం మేము ఎండలోకి వెళతామా అని అడిగి, డోయ్ సుథేప్ కొండకు వెళ్ళే ఆలోచన ఉందని చెప్పగానే ఆ సీసాను పక్కన పెట్టేసింది. తొక్క నుంచి పిండి తీసిన నిమ్మజాతి తైలాలలో కొన్ని ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తాయి, మచ్చలు కూడా పడవచ్చు. అడిగిన దాన్ని అమ్మే అవకాశం ఉండి కూడా వద్దన్న మనిషి మీద నాకు అక్కడే నమ్మకం కుదిరింది. నేను లావెండర్‌తో సరిపెట్టుకున్నాను. మా వారు పుదీనా కోరుకున్నారు.

కలపడం కూడా మా కళ్ళ ముందే జరిగింది. ఆధారంగా వాడినది తవుడు నూనె. వరి పండే దేశంలో అది చవక, పల్చన, వాసన తక్కువ. ముప్ఫై మిల్లీలీటర్ల గిన్నెలో ఆరు చుక్కలు వేస్తే నూనెలో తైలం దాదాపు ఒక శాతం అవుతుంది. ఒంటినిండా పూసే నూనెకు సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం దాటనివ్వరు. అక్కకు కలిపిన నూనెను ఆమె మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి, కాసేపు ఆగి, ఎర్రబడలేదని చూసుకున్నాకే గదిలోకి తీసుకుపోయారు. పల్చగా కలిపితే వాసన రాదేమో అనుకుంటాము గాని, వెచ్చని అరచేతుల మధ్య వేడెక్కిన ఆ కొద్దిపాటి తైలమే గదంతా అలుముకుంది. ముక్కు అలవాటుపడి కాసేపటికి వాసన తెలియకుండా పోయినప్పుడల్లా, బల్లకు ముఖం ఆన్చే చోట ఉన్న రంధ్రం కింద నేల మీద ఉంచిన వేడినీళ్ళ గిన్నె నుంచి మరొక తెర లేచి వచ్చేది.

ఇది థాయ్ సంప్రదాయ మర్దన కాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిన నువాద్ థాయ్‌లో నూనె ఉండదు. వదులు దుస్తులు వేయించి, చాప మీద పడుకోబెట్టి, బొటనవేళ్ళతోను మోచేతులతోను నొక్కి, కాళ్ళూ చేతులూ మడిచి సాగదీస్తారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో 1955 నుంచి నడుస్తున్న పాఠశాల దానికి పెట్టింది పేరు. తైల మర్దన అలా కాదు. పాదాల నుంచి మొదలుపెట్టి, అరచేతులు ఎత్తకుండా పైకి సాగే పొడవాటి రాపిడి. ఒక భాగం చేస్తున్నంతసేపు మిగతా ఒళ్ళంతా తువ్వాలుతో కప్పి ఉంటుంది. భుజాల మధ్య నాకు ఎప్పటి నుంచో ఉన్న పట్టు దగ్గరకు వచ్చి మర్దన చేస్తున్న ఆమె చెయ్యి తనంతట తానే ఆగింది. నొప్పి పుట్టించకుండా, వదిలిపెట్టకుండా ఆ ఒక్క చోటే చాలాసేపు పని చేసింది. గట్టిగా నొక్కుతున్నారనిపిస్తే “బావ్ బావ్” అనండి, మెల్లగా చేస్తారు. నాకు ఆ అవసరం రాలేదు. పక్క తెర వెనుక నుంచి మాత్రం మొదట “బావ్ బావ్”, పది నిమిషాల తరువాత మా వారి గురక వినిపించాయి.

ఇక్కడ తొంభై నిమిషాలంటే తొంభై నిమిషాలే. కాళ్ళు కడగడం, బట్టలు మార్చుకోవడం ఆ లెక్కలో లేవు. చివర్లో 200 బాత్‌లు అదనంగా తీసుకుని అక్క నడుముకు మూలికల మూట కాచారు. నిమ్మగడ్డి, పసుపు, కర్పూరం, అల్లం జాతికి చెందిన ప్లాయ్ అనే దుంప కలిపి గుడ్డలో మూట కట్టి, ఆవిరిలో వేడి చేసి అద్దుతారు. వాచిన మోకాలికి మాత్రం వేడి పెట్టబోమని ఖచ్చితంగా చెప్పారు. లేచి వచ్చాక అల్లం టీ ఇచ్చారు. ముగ్గురికీ కలిపి 2,150 బాత్‌లు అయ్యాయి. మర్దన చేసిన వారికి తలా ఒక వంద ఇచ్చాము. అంత చవక దుకాణాల్లో ఆ వందే వారి సంపాదనలో ముఖ్యమైన భాగం కాబట్టి బహుమానం ఇవ్వడంలో పిసినారితనం పనికిరాదని నా అభిప్రాయం. “మరిది గారూ, నిన్నటి హోటల్ వాళ్ళకిచ్చిన డబ్బుతో ఇక్కడ ఇంకెన్నిసార్లు వచ్చేవాళ్ళమో లెక్క వేశారా?” అని అక్క అడిగింది. ఆయన అప్పటికే లెక్క వేసి ఉంచారు. తొమ్మిది. అక్కడున్నన్నాళ్ళూ మధ్యాహ్నం కాగానే “ఇవాళ వెళ్ళమా?” అని మొదట అడిగినది అక్కే.

గోడ మీద పటాల్లో రాసినట్టు ఈ తైలాలు ఒంట్లోని విషాలన్నీ బయటకు తోసేస్తాయని మాత్రం నమ్మకండి. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. అక్క మోకాలు నయం కాలేదు, నా భుజం పట్టు కూడా ఇంటికి వచ్చాక మళ్ళీ వచ్చింది. ఆ పూట హాయిగా నిద్ర పట్టింది, మనసు తేలికపడింది, నొప్పి కొన్ని గంటలు మరుగున పడింది. 650 బాత్‌లకు అది చాలు. రక్తం పల్చబడే మందులు వాడేవారు, జ్వరం ఉన్నవారు, ఎండకు ఒళ్ళు కమిలినవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా వెళ్ళవద్దు.

ఇక వెళ్ళేవారికి మిగిలిన మాటలు. ఆదివారం సంత మొదలయ్యే వేళకు దుకాణాలన్నీ నిండిపోతాయి, మధ్యాహ్నం రెండింటి లోపు వెళ్ళండి. భోజనం చేసి కనీసం గంట గడవనివ్వండి. నూనె మరక పడినా బాధలేని పాత దుస్తులు వేసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొలాల్లోను అడవుల్లోను మంటల పొగ ఊరిని కమ్ముకుంటుంది కాబట్టి నవంబరు నుంచి జనవరి లోపు వెళ్ళడం మేలు. సంతలో పది మిల్లీలీటర్ల తైలం సీసాలు వంద బాత్‌లకు అమ్ముతారు. ఆ ధరకు నిమ్మగడ్డి తైలం నిజమైనదే దొరకవచ్చు, మల్లె తైలం దొరకదు. కొన్నవాటిని విమానంలో చేతిసంచిలో పెట్టుకున్నా ఇబ్బంది లేదు గాని, మూతకు టేపు చుట్టి, విడిగా ప్లాస్టిక్ సంచిలో వేసుకోండి.